పళ్లెంతో వచ్చి పక్కన కూర్చునేవాడు

నిన్న పొద్దున్న డ్యూటీకి వెళ్దామని బండి స్టార్ట్ చేస్తుంటే ఫోన్ వచ్చింది.

నక్కపల్లి నుంచి అక్క.

"తమ్ముడూ, మీ బావ లెగట్లేదు. ఒకపాలి రా."

అంతే చెప్పింది. అనకాపల్లి నుంచి హైవే మీద ఎలా వెళ్లానో నాకే తెలీదు. నేను వెళ్లేసరికే డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మా అప్పలనాయుడు బావ ఇక లేడు.

ఇది టైప్ చేస్తుంటే కూడా నమ్మబుద్ధి కావట్లేదు.

మాది రక్తసంబంధం కాదు. ఒకే జిల్లా వాళ్లం, ఆర్మీలో ఉన్నప్పుడు ఒకే కంపెనీ. డ్యూటీలో ఆయన ఉస్తాద్, ఊళ్లో బావ. ఆయన భార్య నాకు అక్క. వరసలు మేం కలుపుకున్నవే.

ఆర్మీ సంగతి తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. బావ మా సీహెచ్ఎం, అంటే కంపెనీ హవల్దార్ మేజర్. పొద్దున్న అందరినీ వరసలో నిలబెట్టే ఫాలిన్ నుంచి సాయంత్రం రోల్ కాల్ దాకా, ఎవడు గార్డుకి వెళ్లాలి, ఎవడికి ముందు లీవ్ ఇవ్వాలి, ఎవడు ఎవడితో మాటలు మానేశాడు, మా వంటశాల లంగర్‌లో పప్పు నీళ్లలా ఎందుకుంది, అన్నీ ఆయన నెత్తి మీదే.

పైన ఆఫీసర్లు, కింద మేము. రోలుకి ఒకవైపే దెబ్బలు, మద్దెలకి రెండువైపులా. బావ మద్దెల.

సీహెచ్ఎం కంపెనీకి తల్లిలాంటివాడు అంటారు. మా పాలిట మాత్రం అత్తగారే. టోపీ కిందకి వేలు పోనిచ్చి మరీ జుట్టు చూసేవాడు. సొంత జిల్లా వాడినన్న పాపానికి చలి రాత్రుల గార్డు డ్యూటీలన్నీ నాకే వేసేవాడు. అదేంటి బావా అంటే, మనోడని వదిలేస్తే మిగతావాళ్లు నా మాట వింటారా అనేవాడు.

ఇవి కాక ఇంకో పని ఉంది.

ఎవరింట్లో చావు కబురు వచ్చినా, ఆ జవానుకి చెప్పాల్సింది సీహెచ్ఎం.

మా అమ్మ పోయినప్పుడు మేం కొండల మీద ఉన్నాం. ఫోన్లకి సిగ్నల్ ఉండేది కాదు. కబురు కంపెనీ ఆఫీసుకి వచ్చింది.

నేను లంగర్‌లో రొట్టె తింటున్నాను. బావ పళ్లెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

నా చెయ్యి ఆగిపోయింది.

"ముందు తినరా. తిన్నాక సెప్తాను."

ఆయనా తిన్నాడు, నా పళ్లెం ఖాళీ అయ్యేదాకా. అప్పుడు చెప్పాడు, అమ్మ పోయిందిరా అని.

అప్పటికే నా లీవ్ మీద సంతకం అయిపోయింది. నా బ్యాగు సర్దించి పెట్టాడు. రైలు ఎక్కించి రావడానికి ఒక మనిషిని సిద్ధం చేశాడు. కబురు ముందే చెప్తే ఇల్లు చేరేదాకా ఆ కుర్రాడు మెతుకు ముట్టడని బావ లెక్క. అది నిజం. ఆ దారంతా నేను మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

అందుకే కంపెనీలో అందరికీ ఆ పళ్లెం అంటే భయం.

బావ పళ్లెంతో లైన్లోంచి కదిలితే చాలు, బెంచీల మీద మాటలు ఆగిపోయేవి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే అందరూ తిని వెళ్లాక పొయ్యి పక్కన నిలబడి ఒక్కడే తినేవాడు. కంపెనీ అంతా కలిసి తినే న్యూ ఇయర్ విందు, బడాఖానా రోజు కూడా అంతే.

రిటైరై ఊరొచ్చాక కూడా మారలేదు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి అయిపోయాక, వంటవాళ్ల దగ్గర నిలబడి తినేవాడు. ఇక్కడెవరికి భయం, కూర్చో బావా అన్నాను ఒకసారి.

"అలవాటైపోయిందిరా. నేను కూకుంటే ఎదుటోడికి ముద్ద దిగదు."

అంతమందిని చూసుకున్న మనిషి అంత ఒంటరిగా ఉండడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. ఇవాళ ఇంకా ఎక్కువగా ఉంది.

నిన్న నా భయం ఒక్కటే. బావ కొడుకు గణేష్.

వాడూ ఆర్మీయే, రాజస్థాన్‌లో ఉన్నాడు. ఫైరింగ్ ప్రాక్టీస్‌కి వెళ్లాడు, ఫోన్లు జమ చేయించుకున్నారు. ఫోన్ చేతికి రాగానే తండ్రి ఫొటో, దాని కింద రిప్ అని చూస్తే?

అందరి కాళ్లావేళ్లా పడ్డాను. స్టేటస్‌లు పెట్టొద్దు, ఫ్లెక్సీ వెయ్యొద్దు, వాడికి తెలిసేదాకా ఆగండి అని. ఒక మహానుభావుడు అప్పటికే దండ వేసిన ఫొటో గ్రూపులో పెట్టేశాడు. తిట్టి తీయించాను. నేనీ పోస్ట్ నిన్న పెట్టకపోవడానికి కారణం కూడా అదే.

పాత పరిచయాలు పట్టుకుని, వాడి కంపెనీ సీహెచ్ఎం నంబర్ సంపాదించాను. ముక్కూ మొహం తెలియని మనిషి. నా తుప్పుపట్టిన హిందీలో విషయం చెప్పాను. ముందు వాడికి తిండి పెట్టండి, తర్వాతే చెప్పండి అన్నాను.

అది నాకు చెప్పక్కర్లేదు అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు.

గణేష్ ఇవాళ పొద్దున్న వైజాగ్‌లో ఫ్లైట్ దిగి వచ్చాడు. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. స్నానాలయ్యాక వాడూ నేనూ గట్టు మీద కూర్చున్నాం. ఎలా చెప్పార్రా అని అడిగాను.

"సీహెచ్ఎం పళ్లెం అట్టుకొచ్చి పక్కన కూకున్నప్పుడే తెలిసిపోయింది మావయ్యా. ముద్ద దిగలేదు. కానీ నేను లెగిసిపోతే ఆయనొక్కడే తినాల కదా. అందుకే తిన్నాను."

వెళ్లిరా బావా.

అక్కడైనా నలుగురి మధ్య కూర్చుని, నిదానంగా తిను. నీ మనసు చల్లగా ఉండాలి.