అన్నలు అన్న మాట

బీఏ రెండో ఏడాది వేసవిలో మా కాలేజీ వాళ్లు ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట ఎనిమిది వారాలు పనిచేసి రావాలన్నారు. నేను చదివేది సాహిత్యం, చరిత్ర. నాగపూర్‌లో నా తోటివాళ్లు పత్రికాఫీసులకు, మ్యూజియానికి వెళ్లారు. నాకు అడవుల మధ్యనున్న అల్లపల్లిలో ఒక ప్రభుత్వ భద్రతా విభాగంలో అనువాదం పని దొరికింది. తెలుగు సరిహద్దు పక్కనే ఉన్న సిరోంచలో పుట్టినదాన్ని కాబట్టి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ వాటంతటవే వచ్చాయి. నా మార్కులకంటే వాళ్లకు ఆ మూడు భాషలే ముఖ్యం.

నాన్న సంతోషపడ్డాడు. మా తాత జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలి చేసినవాడు. "సర్కారు ఆఫీసుల కుర్సీ ఏసి కూసోబెడుతున్నరు బిడ్డా, మంచిగ చెయ్" అన్నాడు నాన్న. అమ్మ మాత్రం బట్టలు సర్దుతూ, "ఆ అడివి పంచాయతీలు మనకెందుకే" అంది. నేను పట్టించుకోలేదు.

అక్కడి అధికారి కొల్హాపూర్ వైపునుంచి వచ్చినవాడు. మర్యాదస్తుడు. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రోజే నా బల్లమీద ఒక కాగితం అంటించి ఉంది: ఏ మాటకు ఏ అర్థం రాయాలో చెప్పే పట్టిక. అందులో మూడో మాట 'అన్నలు'. ఎదురుగా 'దళం' అని మరాఠీలో ఉంది. మా వైపు అడవిలో తుపాకీ పట్టుకు తిరిగేవాళ్లను అలాగే అంటారు. అది నాకూ తెలుసు.

మూడో వారంలో ఒక ఫోన్ సంభాషణ రికార్డు వచ్చింది. రేగుంట దాపున ఒక పల్లెలోని ఆడమనిషి గోదావరి అవతల ఉన్న చెల్లెలితో మాట్లాడుతోంది. "అన్నలొచ్చిండ్రే. వండి పెట్టిన. మల్ల ఆదివారం వస్తమన్నరు." నేను పట్టిక చూసి రాశాను: దళం వచ్చింది, ఈమె భోజనం పెట్టింది, దళం ఆదివారం మళ్లీ వస్తుంది. తర్వాత ఇంకా చాలాసేపు మాట్లాడుకున్నారు. అక్కర్లేనివి ఒక్క ముక్కలో తేల్చెయ్యమని మాకు చెప్పారు. 'మిగతావి ఇంటి విషయాలు' అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం వెంటనే అధికారి గదిలోకి వెళ్లింది. ఆ రోజు నాకు గర్వంగా కూడా అనిపించింది.

రెండు రోజుల తర్వాత ఆమె భర్తను జీపులో తీసుకొచ్చారు. ప్రశ్నలు అడగడానికి మధ్యలో భాష చెప్పేవాళ్లు కావాలని నన్ను పిలిచారు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మీ ఇంటికి ఎవరొచ్చారని అధికారి మరాఠీలో అడిగితే నేను తెలుగులో అడిగాను.

"మా బామ్మర్దులు బిడ్డా. ఇద్దరు. ఇంటి మీది గూన పెంకలు సదరనీకి వచ్చిండ్రు. వానలు పడకముందే అయిపోవాలె గదా."

ఆయనకు బావమరుదులు, ఆమెకు అన్నలు. ఆయన చెప్పింది చెప్పినట్టే మరాఠీలో చెప్పాను. అధికారి తల ఊపి, "అందరూ చుట్టాలనే అంటారు" అన్నాడు. అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు.

బల్ల దగ్గరికి వచ్చి రికార్డు చివరిదాకా విన్నాను. "పెద్దన్నకు మోకాలు నొస్తంది, నిచ్చెన ఎక్కలేకపోయిండు. సగం కప్పు అట్లనే ఉంది." ఇంటి విషయాలని నేను వదిలేసిన మాటలు అవే. అయినా ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా నా గదికి వెళ్లిపోయాను. తప్పు బయటపడితే సర్టిఫికెట్ ఇవ్వరేమో, నన్నే అనుమానిస్తారేమో అని భయం. ఆమె భర్త ఆ రాత్రంతా ఆఫీసులోనే ఉన్నాడు.

పొద్దున్నే అధికారి దగ్గర నిలబడి చెప్పాను. ఆయన అరవలేదు. "నువ్వు రాసిందేగా ఇది?" అని కాగితం నా ముందుకు జరిపాడు. అవునన్నాను. మొత్తం మళ్లీ రాయమన్నాడు. నిచ్చెన, మోకాలు, గూన అన్నీ రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నానికి ఆమె భర్తను వదిలేశారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. మా సిరోంచ వైపు మనిషే అయిన ముసలి హవల్దారు గేటు దాకా ఆయన్ని పంపి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇంత జల్ది ఇడిస్తే కూడ పరేషానే బిడ్డా. గీళ్లకేం చెప్పి బయటపడ్డడో అని ఊళ్లె అనుకోరా? అడివిల ఉన్నోళ్లు అనుకోరా?"

హవల్దారు అన్నట్టే అయింది. వారం తిరక్కుండా ఆ కుటుంబం ఇంటికి తాళం వేసి గోదావరి దాటి ఆమె అన్నల ఊరికి వెళ్లిపోయింది.

పట్టికలో ఆ మాట పక్కన 'సందర్భం చూడాలి' అని అధికారి చేర్పించాడు. మిగిలిన వారాలు పూర్తి చేశాను, సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని సంచిలో పెట్టుకుని వంతెన మీదుగా అవతలికి బస్సెక్కాను. అడుగుతూ అడుగుతూ ఆ అన్నల ఇల్లు పట్టుకున్నాను. ఆమె అరుగుమీద చింతపండు గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పాను.

"నువ్వేనా రాసింది?"

"నేనే అక్కా."

"తోడబుట్టినోళ్లను అన్నలనక ఏమనాలె?"

ఆమె గింజలు తీయడం ఆపలేదు. "ఇగ మేం ఇంటికి పోవచ్చునా?" అని అడిగింది. తెలియదని చెప్పాను. ఇంతలో లోపలినుంచి వదిన వచ్చి ఎవరీ పిల్ల అంది. ఆమె నన్ను చూడకుండానే, "సిరోంచ పిల్ల. తొవ్వ తప్పి వచ్చింది" అంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే లేచాను.

కాలేజీలో నా నివేదికకు మంచి గ్రేడు వచ్చింది. ఆ పదం గురించి, అర్థాల గురించి నాలుగు పేజీలు రాశాను. ఒక సాయంత్రం నోరు మూసుకున్న సంగతి అందులో రాయలేదు.

రెండేళ్లయింది. మొన్న సిరోంచ బస్టాండులో ఆ హవల్దారు కనబడ్డాడు. వాళ్లు ఇంకా అవతలే ఉన్నారట. ఆమె భర్తకు ఒక మిల్లులో పని దొరికింది, వాళ్ల పిల్ల అక్కడి బడిలోనే చేరింది. "మంచిగనే ఉన్నరు తియ్" అన్నాడు. ఊరట పడాలో వద్దో తెలియక తల ఊపాను.