చిన్న అక్షరాలు చదివే రాహేలమ్మ

డోన్ స్టేషనులో ముప్పై రెండేళ్ళు బండ్లకు పట్టాలు మార్చి జెండా చూపే పాయింట్స్‌మన్‌గా చేసిన గాబ్రియేలు, పాతబడిన రైల్వే టైంటేబుళ్ళను ఏటా ఇంటికి తెచ్చేవాడు. పొయ్యి రాజేయడానికని తెచ్చేవాడు గానీ అవి పొయ్యిదాకా పోయేవి కావు. చిన్నకూతురు రాహేలమ్మ మధ్యలోనే పట్టుకునేది. తోటి ఆడపిల్లలు అచ్చనగాయలాడుకునే వయసులో ఆ పిల్ల గడప మీద కూర్చుని, గుంతకల్లులో ఏ బండి దిగితే ఏ బండి అందుతుందో వేలు పెట్టి వెతికేది. పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి చూడండి, ఆదివారం నడవదు, ఫలానా స్టేషనులో సోమవారమే ఆగుతుంది అని, వాటి మీద ఆమెకు మరీ మోజు. "పైన రాసింది అందరూ చదువుతారు నాయనా. అసలు సంగతి కిందనే ఉంటాది," అనేది పదేళ్ళప్పుడే.

ఆ పిల్ల పెరిగి, డిగ్రీ చదివి, టైపు పాసై, బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరింది. పొద్దున డోన్‌లో ప్యాసింజరెక్కి పోవడం, సాయంత్రం అదే దారిన రావడం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలే," అని నవ్వేది. తల్లి పోయాక ఇంట్లో ఆమె, నాయన, ఇద్దరే. అక్క ఎస్తేరు నర్సు చదివి, గువాహటి దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో పనికి పోయి, అక్కడి మనిషినే పెళ్ళాడింది. తల్లి చనిపోయినప్పుడు వచ్చిందే కడసారి. ఆ తరవాత భర్త చెట్టు మీంచి పడి మంచాన పడ్డాడు. పక్కనే ఉన్న ఆసుపత్రిలో పనికి పోయి రావడం తప్ప ఒక రోజు వదిలి రావడానికే లేదు, ఇక మూడు రోజుల రైలు ప్రయాణమెక్కడ?

ఫ్యాక్టరీ యజమాని కిరణ్‌కుమార్ తాతల నాటి నుంచీ వ్యాపారస్తుల ఇంటి బిడ్డ. బేతంచెర్ల బండ, కడప నల్లబండ దుబాయి దాకా పంపేవాడు. నెలలో పది రోజులు విమానాల్లోనే తిరుగుడు. ఆ విమానాల కంపెనీ వాళ్ళు నెలనెలా ఆయన పేరిట ఒక కవరు పంపేవాళ్ళు. ఆఫీసుకొచ్చిన టపా విప్పడం రాహేలమ్మ పని.

రెండువేల మూడులో ఒకరోజు ఆమె ఆ కవరు ఆయన ముందు పెట్టింది.

"పారేయి రాహేలమ్మా. నేనెన్ని మైళ్ళు తిరిగినానో చెప్తాండారు వాళ్ళు. నా నడుమే చెప్తాండాది నాకు, మళ్ళా కాగితమెందుకు?" అన్నాడాయన.

ఆమె పారేయలేదు. కాగితంతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని సంచిలో వేసుకుని, రైల్లో చదువుతూ ఇల్లు చేరింది. మూడు సాయంత్రాలకు పుస్తకం అయిపోయింది. నాలుగోనాడు ఆయన టీ తాగుతుండగా వెళ్ళి నిలబడింది.

"సార్, అవి ఉత్త మైళ్ళు కావు. టికెట్లు."

"ఏం టికెట్లు?"

"మీరు తిరిగిన మైళ్ళకు బదులు వాళ్ళు ఊరికే టికెట్లిస్తారు. మూడేండ్లు దాటితే చెల్లవు. మీవి సగం జమ కూడా కాలే. ఆరు నెలల్లోపు బోర్డింగు పాసు ముక్కలు పంపితే అవీ కలుపుతారంట. యాడ పెట్టినారు సార్ ఆ ముక్కలు?"

ఎక్కడ పెట్టాడో ఆయనకేం తెలుసు? ఆయన సొరుగులు, సూట్‌కేసు, కోటు జేబులు అన్నీ దులిపించింది రాహేలమ్మ. ఆయన కూతురి సైన్సు పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్న ముక్కతో కలిపి పదకొండు దొరికాయి. అన్నీ ఫ్యాక్సు చేసింది. దుబాయిలో ఆయన దిగే హోటల్లో విమానాల కంపెనీ కార్డు చూపిస్తే దానికీ మైళ్ళు పడతాయని కార్డు వెనక చీటీ అంటించింది. ఆ ఎండాకాలం కిరణ్‌కుమార్ భార్య శ్రీదేవి, పిల్లలిద్దరూ ఆ మైళ్ళతోనే ఢిల్లీ చూసొచ్చారు. శ్రీదేవి ఆగ్రా పేఠా డబ్బా పట్టుకుని ఆఫీసుకే వచ్చి, "మా ఆయన చెత్తబుట్టలో పడేసింది ఏరి మాకు తాజ్‌మహలు చూపించినావు గదమ్మా," అని రాహేలమ్మ చేతులు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో నాయనకు ఈ మైళ్ళ సంగతి, వాటినే పాయింట్లు అని కూడా అంటారని చెప్పబోతే ఆయన ఆశ్చర్యపోయాడు. "పాయింట్లా? పాయింట్లు మార్చేది పట్టాల మీద కదే. గాల్లో యాడుంటాయి పాయింట్లు?" అన్నాడు. నవ్వలేక చచ్చింది ఆమె.

తరవాతి ఏడు గాబ్రియేలు బావి దగ్గర జారిపడ్డాడు. తుంటి విరిగితే కర్నూలు పెద్దాసుపత్రిలో కడ్డీ వేశారు. లేచి తిరిగాడు గానీ గంటకు మించి కూర్చోలేడు. పడుకుని ఒక రాత్రి ప్రయాణం చేయగలడు, అంతే. దేశమంతా ఊరికే తిరగడానికి రైల్వే వాళ్ళిచ్చే పాసు ఏటా వచ్చేది. పెద్దకూతురి దగ్గరికి పోదామని ఏటా దాన్ని తీసి చూసుకుని, మళ్ళీ బైబిల్లో పెట్టుకునేవాడు. రాహేలమ్మ చూసీ చూడనట్టు వంటింట్లోకి పోయేది.

రెండువేల ఆరు ఫిబ్రవరిలో కిరణ్‌కుమార్ ఆమెను పిలిచాడు. "ఈ జూన్ దాటితే మైళ్ళు పోతాయంటివే. మా ఇంట్లో ఈసారి యాడికీ పోయేటట్టు లేదు. పాపకు టెన్త్. ఇన్నేండ్లు మాకు దారులు చూపించినావు. నువ్వైతే యాడికి పోతావు?"

"గువాహటికి," అంది రాహేలమ్మ. అనేశాక నాలుక కరుచుకుంది. అడిగినట్టయిందని సిగ్గుపడింది.

గువాహటిలో ఎవరున్నారని ఆయన అడిగితే చెప్పక తప్పలేదు. అక్క గురించి, బావ గురించి, నాయన తుంటి గురించి, బైబిల్లో పాసు గురించి కూడా చెప్పేసింది. ఆయన పేపరువెయిటు పక్కకు జరిపి అడిగాడు.

"వేరేవాళ్ళకు ఇయ్యొచ్చునా ఆ టికెట్లు?"

"ఐదుగురి పేర్లు రాసియ్యొచ్చు సార్. మీరు మూడే రాసినారు. అమ్మగారివి, పిల్లలవి."

"ఫారం తీసుకురా. మీ నాయన పేరుకు ఇంగ్లీషు అక్షరాలు చెప్పు."

ఆయనే రాశాడు, తన చేతి రాతతో. మీకేమవుతారు అనే గడి దగ్గర ఆగి ఆమె మొహం చూశాడు. ఆమెకు ఆ పుస్తకం కంఠతా వచ్చు. "ఎవరైనా ఫరవాలేదు సార్, ఉన్నది ఉన్నట్టు రాయండి," అంది. ఆయన ఒక గడిలో సహోద్యోగి అనీ, ఇంకో గడిలో సహోద్యోగి తండ్రి అనీ రాశాడు. ఇరవై ఏళ్ళుగా గుమాస్తా అనిపించుకుంటున్న రాహేలమ్మ ఆ మాటను రెండుసార్లు చదువుకుంది. "టీ తెప్పిస్తా సార్," అని బయటికొచ్చేసింది.

మైళ్ళు ఇద్దరికీ పోనురానూ సరిపోవు. నాయనకు పోనురానూ, తనకు పోవడానికి మాత్రం వస్తాయి. అది సులువుగానే తేల్చుకుంది, తాను రైల్లో తిరిగొస్తుంది. అసలు చిక్కు సీట్లు. మైళ్ళకిచ్చే సీట్లు ఒక్కో విమానంలో నాలుగో ఐదో. రోజూ తొమ్మిదింటికి ఆఫీసు నుంచి విమానాల కంపెనీకి ఫోను చేసేది. అవతలి అమ్మాయి మర్యాదగా, గువాహటికి దగ్గరి దారైన కలకత్తా విమానంలో మైళ్ళ సీట్లు లేవని చెప్పేది. మే నెలలో లేవు. జూన్‌లో లేవు. పన్నెండు రోజులు అదే జవాబు.

పదమూడో రోజు రాహేలమ్మ రైల్లో కూర్చుని విమానాల టైంటేబులు మోకాళ్ళ మీద పరుచుకుంది. డోన్ నుంచి బెర్తు దొరకకపోతే గుంతకల్లు దాకా వెనక్కి పోయి అక్కడి నుంచి ఎక్కే జనాన్ని ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. అలాంటిదేదో ఇక్కడా ఉండాలి. ఆ టైంటేబులు ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: దక్షిణాది నుంచి ఈశాన్యానికి ఏ దారిన పోయినా మైళ్ళు అవే, నడుమ ఒక్కచోట మారవచ్చు, మారే విమానం ఇరవై నాలుగు గంటల్లోపు ఉండాలి.

ఆఫీసు చేరి చేతి సంచి కూడా దించకుండా ఫోను చేసింది. "అమ్మా, కలకత్తా వద్దు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి గువాహటికి చూడు."

"చుట్టు తిరుగుడవుతుంది మేడమ్."

"కానీలే తల్లీ. చూడు."

అవతల మీటలు నొక్కిన చప్పుడు. "మే పదకొండు. రెండు సీట్లున్నాయి మేడమ్."

రాహేలమ్మ రిసీవరు చేత్తో మూసి, ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, అప్పుడు పేర్లు చెప్పింది. చక్రాల కుర్చీ ముందుగా అడిగితే ఊరికే ఇస్తారని కూడా ఆమెకు తెలుసు. అదీ, నాయన తిరుగు సీటూ రాయించింది.

రాత్రి బండిలో కాచిగూడ చేరి, తెల్లారాక బేగంపేట విమానాశ్రయానికి పోయారు. గాబ్రియేలు ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట. కుర్చీ తోసే అతను బుట్ట సామాన్లలో వేద్దామంటే ససేమిరా ఇవ్వలేదు. విమానం దగ్గర ఒకతను రెండు చేతుల్లో రెండు బద్దలు పట్టుకుని, వచ్చే విమానానికి సైగలు చేస్తున్నాడు. గాబ్రియేలు కుర్చీ ఆపించాడు.

"వీళ్ళకూ మా అట్లాటి మనిషి ఉండాడే!" అన్నాడు. ఆ మనిషి చేతులు దించే దాకా అక్కడి నుంచి కదలలేదు. కదిలేటప్పుడు కుడిచెయ్యి కొంచెం పైకెత్తాడు. అతను చూశాడో లేదో గానీ గాబ్రియేలు తృప్తిగా కూర్చున్నాడు.

విమానంలో గంటకోసారి రాహేలమ్మ ఆయన్ను లేపి నిలబెట్టింది. ఢిల్లీలో నాలుగు గంటలు వరస కుర్చీల మీద పడుకోబెట్టింది. సాయంత్రం గువాహటిలో దిగితే బయట ఎస్తేరు నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. పక్కింటామెను భర్త దగ్గర కూర్చోబెట్టి రెండు గంటలు సందు చేసుకుని వచ్చింది.

"నాయనా," అంది. వంగి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"పండ్లు మాగిపోతాయి మ్మే, ముందు బుట్ట పట్టుకో," అన్నాడు గాబ్రియేలు. ఆ మాటకు ముగ్గురూ ఏడ్చారు.

గాబ్రియేలు పదమూడు రోజులు, రాహేలమ్మ పది రోజులు ఉన్నారు. గాబ్రియేలు మంచాన ఉన్న అల్లుడి పక్కనే నులకమంచం వేయించుకుని పడుకునేవాడు. భాష రాని ఆ ఇద్దరూ రోజంతా ఏం మాట్లాడుకునేవాళ్ళో గానీ నవ్వులు వినపడేవి. ఎస్తేరు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అన్నం వండిపెట్టడం రాహేలమ్మకు పండగలా ఉండేది. ఒకరోజు ఎస్తేరు చేయి కడుక్కుంటూ, "మీ సారుకు నేనేమియ్యగలను రాహేలూ," అంది.

గంటకోసారి నాయనను లేపి నిలబెట్టమని విమానం వాళ్ళకు చీటీ రాసి ఆయన జేబులో పెట్టి, ఆయన విమానమెక్కే రోజుకు మూడు రోజుల ముందే రాహేలమ్మ రైలెక్కింది. హౌరాలో మారి, సికింద్రాబాదులో దిగి, మొహం కడుక్కుని నేరుగా బేగంపేటకు వెళ్ళింది. చక్రాల కుర్చీలో నాయన నవ్వుతూ బయటికొచ్చాడు, తోసే కుర్రవాడి ఇంటి వివరాలన్నీ అప్పటికే కనుక్కుని ఉన్నాడు.

సోమవారం ఆమె అస్సాం టీపొడి పొట్లం కిరణ్‌కుమార్ బల్ల మీద పెట్టింది. రైల్లో మూడు రోజులు కూర్చిన మాటలన్నీ ఆయన ఎదుట నిలబడేసరికి ఎటో పోయాయి. "మా నాయన మా అక్కను చూసుకున్నాడు సార్," అని మాత్రం అంది.

"అది చెప్పు చాలు," అన్నాడాయన. "కూర్చో. ఎట్లుండాది ఆ ఊరు?" ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

గాబ్రియేలు మరి రెండేళ్ళు బతికి, నిద్రలోనే పోయాడు. ఎస్తేరు రాలేకపోయింది. మట్టి చేసొచ్చాక రాహేలమ్మ ఫోను చేస్తే అవతల చాలాసేపు ఏడుపే వినపడింది. తరవాత ఎస్తేరు అంది: "పదమూడు దినాలు నా చేత్తో అన్నం పెట్టినా రాహేలూ. శానామందికి అది కూడా దొరకదు. మీ సారుకు చెప్పు, మేం రోజూ ఆయన పేరు ప్రార్థనలో తలుచుకుంటాండామని."

రాహేలమ్మ మరుసటి వారం ఆఫీసుకు పోయి, ఆ మాట చెప్పింది.