నాయిన బొంతకు నా పెద్ద కుట్లు

మొన్న నల్గొండలో రోడ్డు పక్కన మిషను మీద కుట్టిన బొంతలు అమ్ముతున్నారు. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. కుట్లన్నీ గీత గీసినట్టు ఉన్నాయి. నేను కుట్టిన మొదటి బొంత గుర్తొచ్చింది.

పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ రావడం మీరూ చూసే ఉంటారు. మా ఇంట్లో ఆ పని అవ్వది. ఆ ఏడు ఆమెకు చూపు ఆనలేదు. అమ్మ రోజూ పత్తి ఏరడానికి పోయేది. నాయిన చలికాలమంతా గొర్రెల మందతో తిరుగుతూ చేన్లలోనే పడుకునేవాడు. ఆయన బొంత చిరిగిపోయింది. అందుకని అవ్వ సూది నా చేతికిచ్చింది. నాయిన బయలుదేరేలోపు పూర్తి కావాలని నేను బెత్తెడు బెత్తెడు కుట్లు వేశాను.

అవ్వ చేత్తో తడిమి చూసింది.

"గివేం కుట్లురా, గొర్ల దొడ్డికి కంప నాటినట్టున్నయి. నాయిన కాలివేలు ఇరుక్కుంటది. మొత్తం ఇప్పు."

విప్పితే మళ్లీ కుట్టడానికి వ్యవధి లేదు. ఆయన చలిలో బొంత లేకుండా పడుకోవాలి.

నాయిన వచ్చి బొంత మడిచి భుజాన వేసుకున్నాడు.

"ఉండనీయే అమ్మా. వేలు ఇరుక్కుంటే మెలకువ అయితది. గొర్లు ఎటు పోయినయో చూసుకుంట."

మరుసటి ఏడు చిన్న కుట్లతో ఇంకొకటి కుట్టాను. దాన్ని అవ్వకు ఇచ్చి, ఆయన మళ్లీ పెద్ద కుట్లదే తీసుకుపోయాడు.