అక్క దగ్గరకు ఎన్ని గంటలు

ఆ వీధిలో విమానం టికెట్లు ఇచ్చే ఆఫీసు ఒక్కటే. అందులో కిటికీ పక్క సీటు ఆవిడది. ప్రయాణం ఎంతసేపని ఎవరడిగినా గాల్లో ఉండే సమయం ఒక్కటే చెప్పి ఊరుకునేది కాదు. మధ్యలో దిగి కాచుకోవడం, సామాను కోసం నిలబడడం, చివరి టాక్సీ అన్నీ కలిపి, గుమ్మం నుంచి గుమ్మానికి చెప్పేది. తోటివాళ్ళు గంటలమ్మ అని పేరు పెట్టారు. కాస్త తగ్గించి చెబితే నీ సొమ్మేం పోయిందని యజమాని విసుక్కునేవాడు. చావు కబురు విని పరుగెత్తుకొచ్చిన వాళ్ళకు లేనిపోని ఆశ పెట్టకూడదని ఆవిడ పట్టు.

ఇందరిని పంపిన మనిషి తను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఎత్తంటే భయం. తల్లి పోయాక తనను పెంచిన అక్క పెళ్ళయ్యాక సముద్రం అవతలి నగరానికి వెళ్ళిపోయింది. చూడాలనిపిస్తే అక్కే వచ్చేది.

ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. అక్కకు మెదడులో నరం చిట్లిందనీ, ఇక లేవదని డాక్టర్లు తేల్చేశారనీ, ఊపిరి మిషన్ మీదే ఆడుతోందనీ చెప్పాడు. నువ్వు చూశాకే మిషన్ తీయిస్తాను, ఎంతసేపట్లో వస్తావని అడిగాడు. ఆవిడ నోట లెక్క రాలేదు. పక్క సీటు అమ్మాయి చూసి చెప్పింది. నేరుగా అయితే తొమ్మిది గంటలు. అందులో చోటు లేదు. మధ్యలో మారి వెళితే ఒక పగలూ ఒక రాత్రీ.

ఆ టికెట్టే తీసుకుని బయల్దేరింది. భయం మాట అప్పుడు గుర్తు కూడా రాలేదు. తీరా విమానం మారాల్సిన ఊళ్ళో దిగేసరికి పొగమంచు కమ్మేసి విమానాలన్నీ ఆగిపోయాయి. ఇంకాసేపట్లో బయల్దేరుతుందని కౌంటర్లో మనిషి ఎన్నిసార్లడిగినా అదే పాట పాడుతున్నాడు. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు. ఓ మూల కుర్చీలో కూర్చుని బావకు ఫోన్ చేసి, అక్క ఎలా ఉందని అడిగింది.

"ఒళ్ళంతా వాచిపోయింది. చూడలేకపోతున్నా," అన్నాడు బావ. "నువ్వొచ్చేస్తున్నావుగా. అందాకా మిషన్ ఉంచుతాలే."

"నా కోసం ఉంచొద్దు బావా, తీయించెయ్. ఇవాళ నేను చేరను. రేపు కూడా నమ్మకం లేదు."

"తర్వాత బాధపడతావమ్మా."

"పడతాను. ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టు."

వినపడుతుందో లేదో తెలియదు. ఏడవకూడదనుకుంది. "అక్కా, విమానం ఎక్కానే," అంది. చెవులు దిబ్బడ పడ్డాయనీ, బెల్టు పెట్టుకోవడం రాక పక్కావిడ చేత పెట్టించుకున్నాననీ, కళ్ళు తెరిచేసరికి మబ్బులు కాళ్ళ కింద ఉన్నాయనీ చెప్పింది. అంతవరకే. ఏడుపొచ్చేసి ఫోన్ పెట్టేసింది. ఎదురుగా కూర్చున్న ఎవరో ముసలావిడ లేచి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం చేరేసరికి అంతా అయిపోయింది. ఇంట్లో బావ టీ పెట్టబోయి చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియక అలమారలన్నీ తెరిచాడు. చివరికి చక్కెర లేకుండానే ఇద్దరూ తాగారు.

"ఫోన్లో మబ్బుల దాకా చెప్పావు," అన్నాడు బావ. "నేనూ విన్నాను. ఆ తర్వాత ఏమైంది?"

ఆవిడ కప్పు పక్కన పెట్టి, మిగతాది బావకు చెప్పింది.