మూతెడు నీళ్లు

డయాలసిస్ చేయించుకునే పిల్లల కోసం విరాళాలు పోగుచేస్తూ మేం కొందరం శేషాచలం కొండల్లో కొన్నాళ్లు నడిచాం. దువ్వూరు నుంచి వచ్చిన ఒక రైతును అందరం మామా అనేవాళ్లం. దాహమేస్తే ఆయన సీసా మూతలో పోసుకుని ఒక్క మూతెడే తాగేవాడు. డయాలసిస్ మీదున్న ఆయన కొడుక్కి డాక్టర్లు నీళ్లు అట్లా కొలిచే ఇమ్మన్నారట.

ఆఖరి రోజు కొండెక్కుతూ మామ బండ మీద కూలబడ్డాడు. పెదాలు పగిలి నెత్తురు కనబడుతోంది. పక్కనే వాగు పారుతోంది. నాకు ఒళ్లు మండింది. సీసా నింపి నోటి దగ్గర పెట్టాను.

"తాగు మామా! నీ కొడుకేమన్నా ఈడుండి చూస్తాండాడా?"

"నేను చూస్తాండా కదప్పా," అని మూత చాపాడు.

పోస్తుంటే సగం బండపాలైంది. మళ్లీ పొయ్యబోతే వద్దన్నాడు.