అరటిపువ్వు డొప్పలు

బంతిపువ్వు అడుగున ఆకుపచ్చ గిన్నెలా ఉండేది పరిచక్ర పుచ్ఛావళి. కొబ్బరిపూత విచ్చేదాకా మూసి ఉంచేది మట్ట. అరటిపువ్వులో ఎర్రటి డొప్ప ఒక్కొక్కటీ ఒక పుచ్ఛం. ఇవన్నీ విజయనగరంలో తెలుగు మీడియంలో ఇంటర్ బోటనీ చదివిన రోజుల్లో నాకు నోటికొచ్చినవే. నాన్నకి సిల్తారా స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి రాయపూర్ వచ్చాం. ఇక్కడ డిగ్రీ హిందీలో. పుచ్ఛం కాస్తా సహపత్రమైంది, నా నోరు మూతపడింది. తెలిసిన సంగతే చెప్పలేక బోటనీ ప్రాక్టికల్ తప్పాను. ఒళ్లు మండిపోయింది. రెండోసారీ తప్పితే ఏడాది పోయినట్టే.

ఈసారి ఎవరి పూలగుత్తి వాళ్లే తెచ్చుకుని, దాని పుచ్ఛాల గురించి చెప్పాలన్నారు. తెలీబంధాలో స్నేహితురాలి పెరట్లోంచి అరటిపువ్వు కోసి తెచ్చి, వాడిపోకుండా ఉంటుందని వంటింట్లో నీళ్లకుండ పక్కన పెట్టాను.

పొద్దున్న లేచేసరికి అమ్మ డొప్పలన్నీ ఒలిచేసి, పువ్వు పువ్వుకీ కేసరం, పొర తీసి, మజ్జిగనీళ్లలో వేసేసింది.

"పరీక్షకి తెచ్చానమ్మా!" అని అరిచాను.

"వంటింట్లో పెడితే కూరకే అనుకున్నానే. ఈ ఊరొచ్చాక దీని మొహం చూశామేటి? కూరల మండీలో ఎప్పుడూ కానరాదు. ఆవపెట్టి వండుదామని..."

జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. అమ్మ చెత్తబుట్టలోంచి డొప్పలు ఏరి, కడిగి, పెద్దవి కిందా చిన్నవి పైనా పేర్చి టిఫిన్ డబ్బాలో పెట్టిచ్చింది.

ఎగ్జామినర్ మేడమ్ మూత తీసి, "ఫూల్ కహాఁ హై?" అని పువ్వేదో అడిగింది.

"మమ్మీ సబ్జీ బనా రహీ హై," అన్నాను, అమ్మ దాన్ని కూర వండుతోందని.

గదంతా నవ్వింది. ఇంతకన్నా పోయే పరువు లేదు గనక నా భయమూ పోయింది. డొప్ప లోపల పూలు ఒత్తుకున్న గీతలు చూపించాను. ఒక్కో సహపత్రం కింద రెండు వరుసల పూలు ఉంటాయని, అవి బయటపడే వేళకి అది పైకి లేచి, వెనక్కి చుట్టుకుని, రాలిపోతుందని వచ్చీరాని హిందీలో చెప్పాను. మేడమ్ తలూపి, పాసయ్యావు పొమ్మంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మజ్జిగలో పూలు అలాగే ఉన్నాయి.

"వండలేదేం?" అన్నాను.

"మీ మేడమ్ ఇవి కూడా అడిగితే పరిగెత్తుకొస్తావని ఉంచేనే. ముందు గట్టెక్కావో లేదో చెప్పు."

పొద్దుటినుంచీ అమ్మ ఏమీ తినలేదు. గట్టెక్కానని చెప్పి, ఆవాలు నేనే నూరాను.