సార్ నింపిచ్చిన ఫారం

నెలన్నరగా ఎదురుచూస్తున్న కాగితం ఈ రోజు సాయంత్రం నా చేతికొచ్చింది. మా చిన్నమ్మాయి మూడో తరగతి. ఒక్కచోట కూర్చోదు, చెప్పింది చెవికెక్కదు. ఏడీహెచ్‌డీ కావచ్చని ఖమ్మంలో డాక్టరమ్మకు అనుమానం. బడిలో ఎలా ఉంటుందో టీచర్ రాసిస్తేనే వైద్యం మొదలుపెడతానని ఓ ఫారం ఇచ్చింది.

ఐదు తరగతులకూ సార్ ఒక్కరే. ఎప్పుడడిగినా సర్వే అనో, ట్రైనింగ్ అనో, ఫోన్‌లో మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించాలనో అనేవారు. అబద్ధమేం కాదు, మా కిరాణా కొట్టు బడి ఎదురుగానే, రోజూ చూస్తూనే ఉన్నా. ఈ రోజు ఆయనే నవ్వుతూ వచ్చి ఇచ్చారు. తెరిచి చూస్తే అన్ని ప్రశ్నలకూ "ఎప్పుడూ లేదు" అన్న గడిలోనే టిక్కులు!

"ఏంది సార్ గిది? మొన్న క్లాసు నడుస్తుంటే కిటికీ దూకిందని మీరే గద నన్ను పిలిచిండ్రు?"

"అవ్ అన్నా, దూకింది. గని గిసొంటియి కాగితం మీదికెక్కితే రేపు గురుకులంల సీటిస్తరా? నా చేత్తోని నేనెట్ల రాస్త? బంగారమసొంటి పిల్ల."

టీ తాగించి పంపాను.

ఖమ్మం బస్సు పొద్దున ఆరింటికి. ఈ కాగితం చూపిస్తే పిల్లకేం లేదంటారు. మళ్లీ రాయమంటే ఇంకో నెలన్నర. పోనీ తిడదామన్నా, ఆయన ప్రేమతోనే చేశారాయె. మీలో టీచర్లుంటే చెప్పండి, నా బిడ్డ అల్లరంతా దాచకుండా రాయమని ఆయన్ని ఎలా బతిమాలాలి?